కుర్రాళ్ల జుట్టు రాలడంలో అలవాట్ల వాటా ఎంత? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

పోయిన కార్తీకంలో మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చాడు. షాపులో గిరాకీ తగ్గేదాకా ఓ పక్కన నిలబడి, అందరూ వెళ్లాక జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి కౌంటరు మీద పెట్టాడు. అందులో వెంట్రుకలు. వారం రోజులుగా దిండు మీద, బాత్రూమ్ జాలీ దగ్గర ఏరి, ఏ రోజువి ఆ రోజు చిన్న ఉండగా చుట్టి దాచాడు. వాడికి 24 ఏళ్లు. "మామయ్యా, ఇలాగే పోతే పెళ్లినాటికి ఏమీ మిగలదేమో" అన్నాడు. గొంతు వణికింది.

ఇంట్లో అప్పటికే తీర్పు చెప్పేశారు. "రాత్రి రెండింటిదాకా ఫోను, పొద్దున టిఫిన్ ఉండదు, తలకి నూనె పెట్టమంటే పెట్టడు. రాలక ఏమవుతుంది?" అని మా అక్క. రూమ్మేట్లు బోరు నీళ్లే కారణమన్నారు. జిమ్‌లో ఎవరో ప్రొటీన్ పౌడర్ మానెయ్యమన్నారు. వాడు మూడు షాంపూలు మార్చి, రెండు నెలలుగా బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మింగుతున్నాడు.

ఖమ్మంలో నేను మందుల షాపు పెట్టి పందొమ్మిదేళ్లయింది. ఇలాంటి కుర్రాళ్లు వారంలో ఇద్దరు ముగ్గురైనా వస్తారు. చేయని తప్పుకి తమని తామే తిట్టుకుంటుంటారు. అలవాట్లు మార్చుకుంటే అదే ఆగిపోతుందని ఎదురుచూస్తూ, మందు బాగా పనిచేసే మొదటి రెండు మూడేళ్లు పోగొట్టుకుంటారు. నాకు బాధ కలిగించేది ఈ రెండోదే. అందుకే మేనల్లుడితో చేయించినవన్నీ వరసగా రాస్తున్నాను. నేను డాక్టరుని కాను, ఫార్మసిస్టుని. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన చోట ఆ మాటే చెబుతాను.

అసలు జవాబు ముందే చెప్పేస్తాను. మగపిల్లల్లో బట్టతలకి అలవాట్లు మూలకారణం కావు. మూలం వంశంలో, హార్మోనులో ఉంది. అలవాట్లు దాన్ని కొంత తొందరపెట్టగలవు. అది కాక, బట్టతలతో సంబంధం లేని ఇంకో రకం రాలడాన్ని తెచ్చిపెట్టగలవు. ఈ రెండో రకం కారణం తెలిస్తే తగ్గిపోయేది. కాబట్టి ఏ అలవాటు మార్చుకోవాలనేది తర్వాత చూద్దాం, ముందు మీది ఏ రకమో తేల్చుకోండి.

మొదటి అడుగు: రాలుతోందా, పలచబడుతోందా?

ఈ రెండూ ఒకటే అనుకుంటాం. కాదు.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది, కొద్ది వారాల్లో పెరుగుదల ఆపుతుంది, ఓ మూడు నెలలు ఊరికే ఉండి రాలిపోతుంది. అదే కుదురు నుంచి కొత్తది మొలుస్తుంది. ఈ లెక్కన రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. రాలిన వెంట్రుక చివర తెల్లటి చిన్న బొడిపె కనిపిస్తే "వేరుతో సహా ఊడింది" అని కంగారుపడతారు. అది వేరు కాదు, పెరుగుదల ముగిసిన వెంట్రుకకి మామూలుగా ఉండే మొన. కుదురు చర్మంలోనే భద్రంగా ఉంది.

బట్టతలలో జరిగేది వేరు. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను ఒక ఎంజైము వల్ల డీహెచ్‌టీగా మారుతుంది. వంశపారంపర్యంగా ఆ డీహెచ్‌టీని తట్టుకోలేని కుదుళ్లు కొందరికి నుదుటి పైన, కణతల దగ్గర, సుడి చుట్టూ ఉంటాయి. ప్రతి విడతకీ ఆ కుదురు కాస్త చిన్నదవుతుంది, వెంట్రుక కాస్త సన్నగా, పొట్టిగా వస్తుంది. చివరికి నూగులా మిగులుతుంది. అందుకే కొందరికి దిండు మీద పెద్దగా వెంట్రుకలు కనిపించవు, తల మాత్రం పలచబడుతుంది. చెవుల పైన, తల వెనక ఉండే కుదుళ్లకి ఆ హార్మోనుతో ఇబ్బంది లేదు. అందుకే అక్కడ జుట్టు ముసలితనంలోనూ నిలుస్తుంది.

పగటి వెలుతురులో, పొడి జుట్టుతో అద్దం ముందు నిలబడండి. ముందు జుట్టు వెనక్కి దువ్వి కణతలు చూడండి, అక్కడ లోపలికి కోసుకుపోయిందా? సుడి దగ్గర ఫోనుతో ఫొటో తీయించుకోండి. ఆ తర్వాత ఒక ముఖ్యమైన పని ఉంది. ముందు భాగం నుంచి ఒక వెంట్రుక, తల వెనక నుంచి ఒక వెంట్రుక తీసి తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూడండి. మా వాడితో కౌంటరు మీదే చేయించాను. వెనకది నల్లగా, దారంలా ఉంది. కణత దగ్గరది కాస్త గోధుమరంగులో, వెలుతురుకి ఎత్తిపడితే తప్ప కనిపించనంత సన్నం. వాడు చాలాసేపు ఆ రెండింటినీ చూస్తూ ఉండిపోయాడు. ఒక్క వెంట్రుకతో రోగం తేల్చలేం కానీ, నాలుగైదు చోట్ల ఇదే తేడా కనిపిస్తే, కణతల్లోనో సుడి దగ్గరో పలచబడితే, అది వంశపారంపర్య రకం అయ్యే అవకాశమే ఎక్కువ.

అలా కాకుండా తలంతా సమంగా, గుప్పెళ్లకొద్దీ, ఉన్నట్టుండి రాలడం మొదలైతే అది రెండో రకం. శరీరానికి ఏదో పెద్ద దెబ్బ తగిలినప్పుడు చాలా వెంట్రుకలు ఒక్కసారిగా పెరగడం మానేసి, రెండు మూడు నెలల తర్వాత కలిసికట్టుగా రాలతాయి. కుదుళ్లు పాడవవు, జుట్టు తిరిగి వస్తుంది.

మూడోది గుండ్రంగా, రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోవడం. మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు. పేనుకీ దానికీ సంబంధం లేదు. శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున తన కుదుళ్ల మీదే దాడి చేయడం వల్ల వస్తుంది. పల్లెల్లో గురివింద గింజ అరగదీసి రాస్తారు. దయచేసి ఆ పని చేయకండి. గురివిందలో ప్రాణం తీసేంత విషం ఉంది, చర్మం పుండు పడుతుంది. దీనికి చర్మవ్యాధుల డాక్టరు దగ్గర మంచి వైద్యం ఉంది. అలాగే తల మీద నొప్పి, చీము, మంట, రాలిన చోట మెరిసే మచ్చ ఉంటే మిగతా అడుగులు చదువుతూ కూర్చోకుండా ఆ వారంలోనే డాక్టరుని కలవండి. మచ్చ కట్టిన చోట జుట్టు మళ్లీ రాదు.

రెండో అడుగు: లెక్క పెట్టండి, కానీ రోజూ వద్దు

రోజూ దిండు మీద ఏరడం వల్ల టెన్షన్ పెరగడం తప్ప ఏమీ తెలియదు. వారం రోజులు తలస్నానం చేయకుండా ఒకరోజు చేస్తే, వారం వెంట్రుకలు ఆ ఒక్కరోజే రాలతాయి. అయ్యప్ప మాల వేసి జుట్టు పెంచిన కుర్రాళ్లు ఆ నెలలో ఎక్కువ భయపడి వస్తారు. పొడుగాటి వెంట్రుకలు యాభై రాలినా ఉండ పెద్దగా కనిపిస్తుంది.

సులువైన పద్ధతి ఒకటుంది. వరసగా మూడు రోజులు పొద్దున ఒకే షాంపూతో తలస్నానం చేయండి. నాలుగోరోజు స్నానానికి ముందు లేత రంగు తువ్వాలు పరిచి, తల వంచి, సుడి వెనక నుంచి నుదుటి వైపు సరిగ్గా 60 సెకన్లు దువ్వండి. పడినవి, దువ్వెనలో చిక్కుకున్నవి లెక్కపెట్టండి. మూడు రోజులు ఇలా చేసి సగటు రాసుకోండి. 2008లో అమెరికాలో 60 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లతో ఈ పరీక్ష చేస్తే 20 నుంచి 40 ఏళ్ల వాళ్లలో సగటున 10 వెంట్రుకలు రాలాయి. కానీ ఒకరికి ఒక్కటీ రాలలేదు, ఇంకొకరికి 78 రాలాయి. అందుకని పక్కవాడి లెక్కతో పోల్చుకోకండి. నెల తర్వాత మళ్లీ చేసి మీ పాత లెక్కతోనే చూసుకోండి. మా వాడికి మొదటిసారి 41 వచ్చాయి.

దాంతోపాటు నెలకొకసారి నాలుగు ఫొటోలు తీయాలి: ఎదురుగా, రెండు కణతలు, సుడి. ఒకే చోట, ఒకే సమయంలో, పొడి జుట్టుతో. ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటో, ఎండలో తీసిన ఫొటో పక్కపక్కన పెడితే ఆరోగ్యంగా ఉన్న తలైనా పలచబడినట్టే కనిపిస్తుంది.

మూడో అడుగు: మూడు నెలలు వెనక్కి వెళ్లండి

ఒక్కసారిగా రాలడం మొదలైన వాళ్లు నిన్న మార్చిన షాంపూని అనుమానిస్తారు. చూడాల్సింది నిన్న కాదు, మూడు నెలల కిందట ఏమైందని. క్యాలెండరు ముందు పెట్టుకుని ఆ కాలంలో జరిగినవి రాయండి: పెద్ద జ్వరం, ఆపరేషను, యాక్సిడెంటు, ఇంట్లో చావు, పరీక్షల ఒత్తిడి, ఉద్యోగం పోవడం, రెండు నెలల్లో పది కిలోలు తగ్గించిన డైటు, కొత్తగా మొదలుపెట్టిన మందు. మొటిమలకి వాడే ఐసోట్రెటినోయిన్ కూడా కొందరికి జుట్టు రాల్చుతుంది.

మన దగ్గర దీనికొక కాలం ఉంది. వానలు పడ్డాక డెంగీ, టైఫాయిడ్, చికున్‌గున్యా జ్వరాలు ఊరంతా తిరుగుతాయి. దీపావళి వచ్చేసరికి జుట్టు రాలుతోందని షాపుకి వచ్చేవాళ్లు పెరుగుతారు. జ్వరం ఎప్పుడో తగ్గిపోయింది కాబట్టి ఆ రెంటినీ ఎవరూ కలిపి చూసుకోరు. మేనల్లుడిని అడిగితే, వినాయక చవితి అయ్యాక డెంగీతో ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నానన్నాడు. "అది అప్పుడే తగ్గిపోయింది కదా మామయ్యా" అన్నాడు. ఇద్దరం వేళ్ల మీద లెక్కపెట్టాం. సరిగ్గా రెండున్నర నెలలు.

అంటే వాడు కవర్లో తెచ్చిన గుప్పెడు వెంట్రుకలు డెంగీవి. కణతల్లో సన్నబడినవి వంశానివి. గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా రెండూ ఒకేసారి వచ్చాయి. చాలామంది కుర్రాళ్ల విషయంలో జరిగేది ఇదే. ఎన్నాళ్లుగానో నెమ్మదిగా పలచబడుతున్న తల మీద ఒక జ్వరమో, ఒక డైటో పడితే, లోపల జరుగుతున్నది అప్పుడు బయటపడుతుంది. జ్వరం వల్ల రాలింది ఆరు నుంచి తొమ్మిది నెలల్లో చాలావరకు తిరిగొస్తుంది. వంశానిది దానంతటది ఆగదు.

నాలుగో అడుగు: వంశాన్ని చూడండి, రెండు వైపులా

"మేనమామది బట్టతలైతే మేనల్లుడికీ వస్తుంది" అని మనవాళ్లు అంటారు. ఇందులో సగం నిజం ఉంది. మగ హార్మోనుకి స్పందించే ఒక ముఖ్యమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, అది మగపిల్లాడికి తల్లి నుంచే వస్తుంది. కానీ 2017లో బ్రిటన్‌లో 52,000 మందికి పైగా మగవాళ్ల జన్యువుల్ని పరిశీలిస్తే బట్టతలతో సంబంధమున్న చోట్లు 287 తేలాయి. వాటిలో ఎక్స్ క్రోమోజోము మీదివి నలభై మాత్రమే. కాబట్టి నాన్న, బాబాయిల తలలు కూడా చూడాల్సిందే.

ఈ వాటా ఎంత పెద్దదో చెప్పే లెక్క ఒకటుంది. ఆస్ట్రేలియాలో 25 నుంచి 36 ఏళ్ల కవలల మీద చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. కుర్రవయసు బట్టతలలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో సుమారు 80 శాతం వంశం వల్లేనని తేలింది. అలవాట్లు, పరిసరాలు, మిగతావన్నీ కలిపి ఆ మిగిలిన భాగంలోనే సర్దుకోవాలి. అమ్మానాన్నలు దయచేసి ఈ ఒక్క అంకె గుర్తుంచుకోండి. జుట్టు రాలుతున్న పిల్లాడు ఇప్పటికే అద్దం చూసి కుంగిపోతుంటాడు. దానికి తోడు "నీ చేతులారా చేసుకున్నావు" అనే మాట వాడికి చాలా బరువు.

ఐదో అడుగు: అలవాట్లని ఒక్కొక్కటిగా తూకం వేయండి

మిగిలిన ఆ భాగంలో ఏది ఎంత బరువో ఇప్పుడు చూద్దాం. అన్నీ ఒకేలా లేవు.

సిగరెట్. ఇది నిజంగా లెక్కలోకి వచ్చే అలవాటు. తైవాన్‌లో 40 దాటిన 740 మంది మగవాళ్లని పరిశీలించి 2007లో అచ్చువేసిన అధ్యయనంలో, వయసుని, వంశాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా పొగతాగేవాళ్లలో బట్టతల ఎక్కువగా, తీవ్రంగా ఉంది. మానేస్తే పోయిన జుట్టు వస్తుందని నేను చెప్పను. ఉన్నదాని మీద ఒత్తిడి తగ్గుతుంది, ఊపిరితిత్తులకీ గుండెకీ మేలు ఖాయం.

తిండి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. వెంట్రుక అంటే దాదాపు అంతా ప్రొటీనే. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం బరువులో కిలోకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 65 కిలోల కుర్రాడికి సుమారు 54 గ్రాములు. హాస్టల్ మెస్‌లో పొద్దున రెండు ఇడ్లీ, మధ్యాహ్నం నీళ్ల పప్పు, రాత్రి పచ్చడి మెతుకులు తింటే అందులో సగం కూడా రాదు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గుప్పెడు పల్లీల్లో 7, గట్టిగా వండిన కప్పు పప్పులో 7 నుంచి 9, వండిన చికెన్ ముక్కలు వంద గ్రాములకి 25 దాకా ఉంటాయి. రోజుకి రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలో ఉడికించిన శనగలో, ఒక కప్పు గట్టి పప్పు, పెరుగు చేర్చుకుంటే చాలు. పౌడరు డబ్బా కొననక్కర్లేదు. తోటకూర, గోంగూర లాంటి ఆకుకూరల్లో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. భోజనం అవ్వగానే టీ తాగితే పట్టడం తగ్గుతుంది, గంట ఆగండి.

తిండి బాగుంటే బట్టతల ఆగుతుందా? ఆగదు. తిండి తక్కువైతే మాత్రం ఆ రెండో రకం రాలడం వస్తుంది. ముఖ్యంగా త్వరగా సన్నబడాలని అన్నం పూర్తిగా మానేసి, రెండు నెలలు పండ్లరసాల మీద బతికేవాళ్లకి.

తియ్యటి కూల్ డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు. చైనాలో 18 నుంచి 45 ఏళ్ల మగవాళ్లు 1,028 మందిని అడిగి చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. ఇవి ఎక్కువ తాగేవాళ్లలో బట్టతల ఎక్కువ కనిపించింది. అంతమాత్రాన అవే కారణమని అనలేం. ఒత్తిడిలో ఉన్నవాడే ఎక్కువ తాగుతుండొచ్చు. అయినా రాత్రి షిఫ్టులో మూడు డబ్బాలు తాగే అలవాటు మానడానికి జుట్టుతో సంబంధం లేకుండానే చాలా కారణాలున్నాయి.

నిద్ర, టెన్షన్. 2021లో హార్వర్డ్ పరిశోధకులు ఎలుకల్లో ఒక సంగతి చూపించారు. ఒత్తిడి హార్మోను కుదుళ్లని ఎక్కువకాలం విశ్రాంతిలోనే ఉంచేస్తోంది. మనుషుల్లోనూ పెద్ద మానసిక దెబ్బ తర్వాత జుట్టు రాలడం డాక్టర్లకి తెలిసిందే. కానీ రోజువారీ ఆఫీసు చికాకుతో కణతలు వెనక్కి జరగవు. నిద్ర తక్కువైతే ఒళ్లంతటికీ నష్టం, సరిచేసుకోండి. ఫోను వెలుతురు వల్ల జుట్టు రాలుతుందనే మాటకి ఆధారం లేదు.

జిమ్. కండల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, టెస్టోస్టిరాన్ తీసుకోవడం మాత్రం నేరుగా ప్రమాదం. వంశంలో బట్టతల ఉన్నవాడికి అది నిప్పుకి కిరసనాయిలు పోసినట్టే. పైగా వీర్యకణాలు తగ్గుతాయి, గుండె మీద భారం పడుతుంది. జిమ్‌కి వెళ్లేవాళ్లు నీళ్లలో కలుపుకుని తాగే క్రియేటిన్ పొడి సంగతి వేరు. 2009లో దక్షిణాఫ్రికాలో ఇరవై మంది రగ్బీ ఆటగాళ్లలో డీహెచ్‌టీ పెరిగిందన్న చిన్న అధ్యయనం నుంచి ఈ భయం పుట్టింది. అందులో ఎవరి జుట్టునీ పరీక్షించలేదు. 2025లో వచ్చిన 12 వారాల పరీక్షలో జుట్టునే చూశారు, తేడా కనిపించలేదు.

నూనె. మా అక్కకి నచ్చని మాటే అయినా చెప్పాలి: నూనె జుట్టు మొలిపించదు. కొబ్బరినూనె వెంట్రుకలోని ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుంది, కాబట్టి వెంట్రుక తక్కువ తెగుతుంది. ఆ మేలు నిజమే. కానీ చుండ్రు ఉన్న మాడుకి నూనె పట్టించి రాత్రంతా ఉంచితే చుండ్రు ముదురుతుంది. చుండ్రుకి కారణమైన ఫంగస్‌కి నూనెలే ఆహారం. చుండ్రు ఉంటే ముందు దాన్ని తగ్గించండి. కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నురగ మాడు మీద ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. చాలామంది రాసిన వెంటనే కడిగేసి పనిచేయలేదంటారు.

బోరు నీళ్లు, హెల్మెట్. ఉప్పు నీళ్లు వెంట్రుకని బిరుసుగా చేసి తెగేలా చేయొచ్చు, కుదురు దాకా పోవు. రాలిన వెంట్రుక చివర తెల్ల బొడిపె లేకపోతే అది ఊడింది కాదు, మధ్యలో తెగింది. హెల్మెట్ వల్ల బట్టతల రాదు. చెమట, చుండ్రు ఇబ్బందైతే లోపల పల్చటి నూలు గుడ్డ కట్టుకుని రోజూ ఉతకండి. జుట్టు కోసం హెల్మెట్ తీసేసి బండి నడిపే పిల్లల్ని చూస్తే నాకు భయమేస్తుంది.

గుండు. తిరుమలలో తలనీలాలు ఇవ్వడం మొక్కు, దాన్ని అలాగే ఉంచుదాం. గుండు కొట్టిస్తే ఒత్తుగా మొలుస్తుందనేది మాత్రం నిజం కాదు. కత్తి చర్మం పైన ఉన్నదాన్ని కోస్తుంది, కుదురు చర్మం లోపల కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. కోసిన మొన మొద్దుగా ఉండడం వల్ల కొన్నాళ్లు గట్టిగా తోస్తుంది, అంతే.

ఇంకొకటి. చాలామంది కుర్రాళ్లు షాపులో ఎవరూ లేనప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు: హస్తప్రయోగం వల్లా? కాదు. స్వప్నస్ఖలనం వల్లా కాదు. వీర్యం పోతే జుట్టు పోతుందని చెప్పి లేహ్యాలు అమ్మేవాళ్ల మాట నమ్మి డబ్బు పోగొట్టుకోకండి. ఈ భయంతో నెలల తరబడి నిద్రపోని పిల్లల్ని చూశాను.

ఆరో అడుగు: పరీక్షలు, మాత్రలు

తలంతా రాలుతుంటే, నీరసం ఉంటే డాక్టరుని అడిగి రక్తంలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), థైరాయిడ్, విటమిన్ డి, బీ12 చూపించుకోండి. శాకాహారుల్లో బీ12 లోపం తరచుగా కనిపిస్తుంది. మగవాడికి ఐరన్ తక్కువని తేలితే మాత్రతో సరిపెట్టకూడదు. మొలలున్నాయా, కడుపులో పుండుందా, రక్తం ఎక్కడ పోతోందో తెలుసుకోవాలి.

లోపం లేకుండా మాత్రలు మింగితే లాభం లేదు. బయోటిన్ నా షాపులో బాగా అమ్ముడుపోతుంది. అయినా చెబుతున్నాను, ఆ లోపం చాలా అరుదు. పైగా అది థైరాయిడ్, గుండెపోటు రక్తపరీక్షల్లో తప్పు ఫలితం వచ్చేలా చేయగలదు. పరీక్షకి రెండు మూడు రోజుల ముందే ఆపి, ల్యాబ్‌లో ఆ మాట చెప్పండి. విటమిన్ ఏ, సెలీనియం మోతాదు మించితే అవే జుట్టు రాల్చుతాయి.

ముప్ఫై ఐదు లోపే బట్టతల మొదలైన వాళ్లు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, నడుము కొలత కూడా చూసుకోవడం మంచిది. ఇంత చిన్న వయసు బట్టతలకీ ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికీ సంబంధం కనిపించిందని ఫిన్లాండ్ పరిశోధకులు 2000లోనే రాశారు.

ఏడో అడుగు: వంశపారంపర్యమని తేలితే ఆలస్యం వద్దు

కుదురు పూర్తిగా కుంచించుకుపోయాక మందు పనిచేయదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. అలవాట్లు మార్చుకుంటూనే చర్మవ్యాధుల డాక్టరుని కలవండి.

మినాక్సిడిల్ మొదట బీపీ మాత్ర. వాడినవాళ్లకి ఒంటి మీద జుట్టు పెరగడం గమనించి తలకి రాసే మందుగా మార్చారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. మగవాళ్లకి 5 శాతం మందు, ఒక మిల్లీలీటరు, రోజుకి రెండుసార్లు, పొడిగా ఉన్న మాడుకి. జుట్టుకి కాదు, చర్మానికి తగలాలి. మొదటి రెండు నెలల్లో కొంత ఎక్కువ రాలొచ్చు, అక్కడే చాలామంది భయపడి ఆపేస్తారు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆపేస్తే కొద్ది నెలల్లో వచ్చింది పోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా వాడొద్దు. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, కొంచెం నాకినా దాని ప్రాణానికే ప్రమాదం.

ఫినాస్టరైడ్ డీహెచ్‌టీ తయారవకుండా అడ్డుకునే మాత్ర. దీని వెనక ఒక కథ ఉంది. డొమినికన్ రిపబ్లిక్‌లో ఆ ఎంజైము పుట్టుకతోనే లోపించిన కొన్ని కుటుంబాల మగవాళ్ల గురించి 1974లో శాస్త్రవేత్తలు రాశారు. వాళ్లెవరికీ కణతలు వెనక్కి జరగలేదు. ఆ ఆధారంతో పుట్టిన ఈ మందుకి జుట్టు కోసం 1997లో అమెరికా అనుమతి ఇచ్చింది. అలవాట్లకంటే హార్మోను ఎంత పెద్ద కారణమో దీన్నిబట్టే తెలుస్తుంది. కానీ ఇది డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. కొద్దిమందికి కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బంది వస్తాయి, కొందరికి మనసు దిగులుపడుతుంది. ఇంతకుముందు డిప్రెషన్ ఉంటే డాక్టరుకి తప్పక చెప్పండి. వాడుతుండగా చనిపోవాలనే ఆలోచనలు వస్తే వెంటనే ఆపి డాక్టరుని కలవండి. గర్భిణులు విరిగిన మాత్రని ముట్టుకోకూడదు. ఆన్‌లైన్‌లో కొనే స్ప్రేల్లో మినాక్సిడిల్‌తో పాటు ఇది కలిపి ఉండొచ్చు, లేబుల్ మొత్తం చదవండి.

ఇరవై రెండేళ్లకే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్లొద్దు. పలచబడడం ఎక్కడిదాకా వెళ్తుందో ఇంకా తెలియదు. వెనక నుంచి తీసే కుదుళ్లు పరిమితం, ఒకసారి వాడితే మళ్లీ రావు.

మేనల్లుడు డిసెంబరులో డాక్టరుని కలిశాడు. బయోటిన్ మానేశాడు, సిగరెట్ మానడానికి ఇంకా తిప్పలు పడుతున్నాడు, మెస్‌లో రెండు గుడ్లు అదనంగా రాయించుకున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు 60 సెకన్ల లెక్క 17కి దిగింది, డెంగీ వాటా తగ్గుతోందన్నమాట. కణతలు అలాగే ఉన్నాయి, మందు మొదలుపెట్టి అప్పటికి నెలే. జూన్ ఫొటోల్లో ఎడమ కణత దగ్గర నల్లటి పొట్టి వెంట్రుకలు కనిపించాయి, కుడివైపు పెద్దగా మార్పు లేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, కిటికీ పక్కన నిలబడి నాలుగు ఫొటోలు తీసి పంపుతాడు. మర్చిపోతే మా అక్కే వాడికి ఫోన్ చేస్తుంది.